భారం మోసేవాని మాట: దత్తమండలాల సర్కారు లేఖలు

లేఖల ద్వారా రాజ్యపాలన సాగించడం ముస్లిం చరిత్రకు కొత్త విషయం కాదు. హుదైబియా ఒడంబడిక తరువాత దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) చుట్టుపట్ల రాజులకు ముద్ర వేసిన లేఖలు పంపారు. ఉమవీ, అబ్బాసీ కాలాలలో లేఖారచనకు ప్రత్యేక దీవానులే ఏర్పడ్డాయి. మరొక సామ్రాజ్యం తన సముద్రాంతర రాజ్యంతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. లండను మేడల వైపు నుండి కాక, అనంతపురం మెట్ట ప్రాంతంలోని వజ్రకరూరు వంటి గ్రామం వైపు నుండి చూద్దాం.

1800 అక్టోబరు 12నాటి ఒప్పందంతో హైదరాబాదు నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చు కింద ఇచ్చిన భూమి ఇది. అందుకే దత్తమండలాలన్న పేరు వచ్చింది. నాటి నుండి వజ్రకరూరు రైతు శిస్తును నిర్ణయించే తుది అధికారం అతడు ఎన్నడూ చూడని ఊరికి, లండనుకు పోయింది.

ఆ అధికారం కాగితం మీద నడిచేది. గ్రామ కరణం లెక్క తాలూకా కచేరీకి, అక్కడి నుండి కలెక్టరుకు చేరేది. కలెక్టరు నివేదిక మద్రాసు రెవిన్యూ బోర్డుకు, బోర్డు అభిప్రాయం గవర్నరు కౌన్సిలుకు, ఆ నకళ్లు ఓడలో లండనుకు పోయేవి. డైరెక్టర్లు పేరా పేరాకు అంకె వేసి జవాబు సిద్ధపరిస్తే, 1784 చట్టం ప్రకారం ఏర్పడిన నియంత్రణ మండలి దానిని ఆమోదించాలి. ఆఫ్రికా చుట్టి వచ్చే ఓడకు ఐదారు నెలలు పట్టేది. ఒక ప్రశ్నకు జవాబు రావడానికి ఏడాది, రెండేళ్లు గడవడం మామూలే.

ఈ యంత్రాంగపు పరిభాషలో మన వారసత్వం ఎంత ఉన్నదో పాఠకులు గమనించాలి. అర్జీ, హుకుం, జవాబు, నకలు, తహసీలు, జమాబందీ, ఫసలీ మొదలైన మాటలు అరబ్బీ, ఫారసీల నుండి కచేరీకి, కచేరీ నుండి తెలుగు పల్లెకు వచ్చినవే. పాలకులు మారినా మాటలు మిగిలాయి. అయితే అర్జీ అన్న మాట మిగిలినంత మాత్రాన అర్జీదారు గోడు వినే పద్ధతి కూడా మిగిలిందా?

ఒక్క లేఖ కథ చూద్దాం. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గ్రామగ్రామం తిరిగి భూములు కొలిపించాడు. ఆ కొలతల మీద కట్టిన శిస్తు పంటలో నూటికి 45 వంతులదాకా ఉన్నదని అతడే లెక్క తేల్చాడు. దానిని మూడవ వంతుకు దించాలని 1807 ఆగస్టు 15న రెవిన్యూ బోర్డుకు వ్రాశాడు. అంటే శిస్తులో నూటికి 25 తగ్గించాలి. బావుల కింద సాగుచేసే భూములకు మరో 8 తగ్గించాలి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో ఈ తగ్గింపు రైతుకు ప్రాణాధారం వంటిది.

ఆ సూచన అప్పుడు అమలు కాలేదు. గ్రామాలను మొదట మూడేళ్లకు, తరువాత పదేళ్లకు గుత్తకిచ్చారు. గుత్తేదారులు ఎందరో చితికిపోయారు. మన్రో స్వయంగా మద్రాసు గవర్నరైన 1820లోగాని ఆ తగ్గింపు రాలేదు. లేఖకూ ఫలితానికీ మధ్య పదమూడు పంటకాలాలు గడిచాయి.

దూరమే దోషమని కొందరనవచ్చు. కాని 1870 నాటికి సముద్రగర్భపు తంతి లండనును బొంబాయితో కలిపింది. 1876–78 కరవు ఈ సీమను కాల్చినప్పుడు వార్త గంటల్లో చేరగలిగేది. అయినా 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలోని మగకూలీకి దినానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా ఎదిరించిన మీదట కొన్ని నెలలకు ఆ కూలి పెరిగింది. తంతి వార్తను వేగంగా చేర్చింది, అంతే. ఆకలిగొన్నవాని మాట అందులో లేదు.

ఇక్కడ దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ బఖరా సూరా 282వ ఆయత్ స్ఫురిస్తుంది. అది ఋణపత్రాలకు సంబంధించినది, రాజ్యపాలనకు కాదు. అందుచేత దానిని ఇక్కడ పోలికగా మాత్రమే తీసుకుంటున్నాను. లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, ఋణభారం ఎవరిపై ఉన్నదో అతడే వ్రాయించాలని ఆ ఆయత్ ఆదేశిస్తుంది. అతడు అశక్తుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా వ్రాయించాలి. బలహీనుని మీద భారం అతనికి తెలియకుండా పెరగకుండా కాపాడే ఏర్పాటు ఇది. మావర్దీ వంటి ధర్మవేత్తలు మజాలిమ్ న్యాయపీఠానికి ఒక అధ్యాయమే కేటాయించి, అధికారుల మీది ఫిర్యాదును పాలకుడు స్వయంగా వినాలన్నారు. ముస్లిం పాలకులందరూ దానిని పాటించారని చెప్పలేం. కాని తప్పును తప్పుగా గుర్తించే కొలబద్ద మాత్రం ఉండేది.

ఆ కొలబద్దతో చూస్తే సర్కారు లేఖలలోని లోపం తెలుస్తుంది. లెక్కలున్నాయి, నకళ్లున్నాయి, ముద్రలున్నాయి. మన్రో వంటివాడు సంరక్షకుని స్థానంలో నిలబడి నిజం వ్రాశాడు. కాని శిస్తు కట్టేవాడు ఒక్క పేరా కూడా వ్రాయించలేదు.

నేటికీ మన పల్లెలలో చదువు రానివాని తరఫున అర్జీ వ్రాసేవారున్నారు, ఒక భాషలోని మాటను మరొక భాషలోకి మార్చేవారున్నారు. వారి చేతిలోని కలం అమానతు. వ్రాసినదానిని సంతకానికి ముందు అతనికి చదివి వినిపించి, అతడు చెప్పినది అదేనా అని అడగడం వారి మీద ఉన్న మొదటి బాధ్యత.