వెళ్లిపోయిన విద్యార్థులు విడిచిన పాఠాలు

మన సంఘాల్లో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు భూస్థాపన కూడికలో వారి జీవిత చరిత్ర చదివే ఆచారం ఉంది. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఏ ఉద్యోగం చేశారు, ఎప్పుడు రిటైరయ్యారు అన్నవి ఆ కాగితం మీద ఉంటాయి. చదవడం అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆ కాగితం ఏ బైబిలు మధ్యలోనో, ఏ ట్రంకుపెట్టెలోనో ఉండిపోతుంది. పదేళ్లు గడిస్తే తాతగారు ఏ కళాశాలలో చదివారో మనుమలకు తెలియదు. ఆ చదువుతో ఆయన ఎవరికి మేలు చేశారో అంతకన్నా తెలియదు.

కళాశాలలు కూడా కాలం చేసిన తమ పాత విద్యార్థులను తలచుకుంటాయి. పేరు చెప్పి, పక్కన పదవి చెబుతాయి. మంచిదే. కాని పదవుల పట్టిక ఒక్కటే జ్ఞాపకం అవుతుందా? చదివించిన తల్లిదండ్రులకు, చదువు చెప్పిన గురువులకు, అన్నం పెట్టిన నేలకు ఆ మనిషి ఏమి తిరిగి ఇచ్చాడన్నది కదా అసలు సంగతి! ఆ ప్రశ్న మనసులో ఉంచుకొని, ఒకే కళాశాలలో చదివి, మన తెలుగునాట పాటుపడి వెళ్లిపోయిన నలుగురిని ఈ నెల మేము మీ ముందుంచుతున్నాము.

ఆ కళాశాల మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. 1837లో స్కాట్లండ్ మిషనరీ జాన్ ఆండర్సన్ గారు మద్రాసులో స్థాపించిన పాఠశాల దానికి మూలం. 1862లో యువకుడైన విలియం మిల్లర్ గారు వచ్చి దానిని పెద్ద కళాశాలగా పెంచారు. 1937లో అది తాంబరానికి తరలింది. మన జిల్లాల నుండి ఎందరో పిల్లలు పై చదువులకు అక్కడికి వెళ్లారు. క్రైస్తవులూ హిందువులూ ఒకే గదిలో కూర్చుని చదువుకున్నారు.

తలుపు తెరిచిన గురువు

మొదట రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. 1862లో మచిలీపట్నంలో పుట్టారు. మిల్లర్ గారి శిష్యుడు. క్రైస్తవ మతం పుచ్చుకోలేదు, బ్రహ్మసమాజంలో చేరారు. అయితే గురువు దగ్గర నేర్చుకున్న క్రమశిక్షణను, విద్యార్థుల పట్ల ప్రేమను జన్మంతా విడువలేదు. సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలోను, ఆ తరువాత 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలోను ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే వింతగా ఉన్న కాలంలో వారికి తలుపు తెరిచారు. పిఠాపురం రాజావారి సహాయంతో అనాథ పిల్లలకు ఆశ్రమం నడిపారు. దేవదాసీ ఆచారాన్ని ఎదిరించారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఆయన నీడలో ఎదిగినవారే. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. 1939లో కన్నుమూశారు. పదవులు పెద్దవే. అయినా కాకినాడ ఆయనను తలచుకొనేది తలుపు తెరిచిన గురువుగానే.

పట్టా లేని బిషపు

రెండవవారు మనకు బాగా దగ్గరివారు, వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు. 1874లో తిరునల్వేలి జిల్లాలో ఒక పల్లెటూరి పాదిరిగారి ఇంట పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. చివరి పరీక్షల ముందు జబ్బుపడడంతో పట్టా చేతికి రాలేదు. పట్టా లేకపోతే బ్రతుకు లేదనుకునే తల్లిదండ్రులు ఈ మాట ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దేశమంతా తిరిగారు. సువార్త చెప్పడానికి విదేశీయులే ఎందుకు రావాలి, మన డబ్బుతో మన మనుషులనే పంపలేమా అన్న ఆలోచనతో 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టుకకు కారకులలో ఒకరయ్యారు. 1909లో స్వయంగా దోర్నకల్ వచ్చారు.

తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెపల్లెకూ వెళ్లారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషపు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన మందలో ఎక్కువమంది ఊరి చివర వాడల్లో బ్రతికే మాల, మాదిగ కూలివారు. వారికి అక్షరం నేర్పాలని, శుభ్రత నేర్పాలని, కలిగినదానిలో దేవునికి ఇవ్వడం నేర్పాలని ఆయన పట్టుదల. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ సాక్షులు కావలసిందేనని బోధించారు. భార్య అన్బు అమ్మగారు స్త్రీల మధ్య పనిచేస్తూ ఆయనకు తోడుగా నిలిచారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయంలో మసీదు గుమ్మటాలను, గుడి మండపాల స్తంభాలను తలపించే పనితనం చూస్తాము. ఈ నేల మీది సంఘం ఈ నేల రూపంలోనే నిలవాలన్నది ఆయన కోరిక. 1945 జనవరి 1న నిద్రించారు. ఆయన ఎంతో ఆశించిన సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. అది చూడడానికి ఆయన లేరు.

డాక్టరు, తత్త్వవేత్త

మూడవవారు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. 1880లో గుండుగొలనులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పేదరికంలోనే చదువు సాగింది. క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ., ఆ పైన వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. దేశసేవ కోసం ఆ ప్రాక్టీసు వదులుకున్నారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1942 ఉద్యమంలో అరెస్టై నెహ్రూ, పటేలు గార్లతోపాటు అహమ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు బందీగా ఉన్నారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1959లో మరణించారు. ఆయన పెట్టిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మీద పేరు మారింది. కాని మన పల్లె రైతు కుటుంబాలు ఎన్నో ఆ బ్యాంకు గడప తొక్కినవే.

నాల్గవవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1888లో తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో పుట్టారు. అదే కళాశాలలో చదివిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేక ఆయన ఆ శాస్త్రమే తీసుకున్నారు. హిందూ మతం మీద మిషనరీ గురువుల విమర్శలు ఆయనను బాధించాయి. అయితే ఆయన కోపగించి తరగతి విడిచిపోలేదు. తన మతాన్ని లోతుగా చదివి, వేదాంత నీతి మీదనే ఎం.ఏ. వ్యాసం వ్రాశారు. దానిని మెచ్చుకున్నది క్రైస్తవ ఆచార్యుడైన హాగ్ గారే! శిష్యుని అభిప్రాయం తనది కాకపోయినా శ్రమను మెచ్చిన ఆ గురువును కూడా మనం జ్ఞాపకం చేసుకోవాలి. రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరు, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి. 1975లో కాలం చేశారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 5 నేటికీ ఉపాధ్యాయ దినోత్సవం.

మన ఇంటి పేర్ల మాటేమిటి?

ఈ నలుగురి మతం ఒకటి కాదు, దారి ఒకటి కాదు. ఒకరికి పట్టా కూడా లేదు. అయినా చదువును తమ సొంత సొత్తుగా ఎవరూ దాచుకోలేదు. తలాంతు పాతిపెట్టిన దాసుని ఉపమానం మనకు తెలిసినదే. చదువు కూడా ఒక తలాంతే.

ఈ నలుగురి గురించి పుస్తకాలున్నాయి. అదే తరగతుల్లో కూర్చుని, తిరిగివచ్చి పల్లెటూరి బడిలో పంతులుగానో, మిషను ఆసుపత్రిలో నర్సుగానో, ఉపదేశిగానో జీవితం వెళ్లదీసిన వారి గురించి ఏ పుస్తకమూ లేదు. వారి జ్ఞాపకం వారిని ఎరిగిన ముసలివారి దగ్గరే ఉంది. ఆ ముసలివారు కూడా ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు.

అందుకే ప్రతి సంఘానికి మాది ఒక మనవి. నవంబరులో సమాధులు శుభ్రంచేసి కొవ్వొత్తులు వెలిగించే రోజుకు ముందే ఒక నోటుపుస్తకం తెరవండి. మీ సంఘంలో మొదట కళాశాల చదువు చదివి ప్రభువు సన్నిధికి చేరినవారి పేరు, చదివిన చోటు, సంవత్సరం వ్రాయండి. పదవి ఒక్క వరుసలో చాలు. వారు ఎవరి పిల్లల ఫీజు కట్టారు, ఎవరికి అక్షరాలు దిద్దించారు, ఎవరి ఉత్తరాలు చదివిపెట్టారు అన్నవి పెద్దలను అడిగి వివరంగా వ్రాయండి. యౌవనస్థుల కూడికలో నెలకొకరి జీవితం చదివించండి.

పొలం తాకట్టు పెట్టి పిల్లలను కాలేజీకి పంపే తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. వారి కష్టం వృథా కాకూడదు. నీవు ఏమవుతావు అని ఆ బిడ్డలను మనమందరం అడుగుతూనే ఉన్నాము. నీ చదువు ఎవరికి అక్కరకు వస్తుంది అని కూడా అడుగుదాం. ఆ నోటుపుస్తకంలో ఒకనాడు వారి పేరూ వ్రాయవలసి వస్తుంది. పేరు కింద వ్రాయడానికి నాలుగు వరుసలు ఉండేలా దేవుడు వారికి కృప చూపును గాక.