సుత్తికీ స్క్రూడ్రైవరుకూ మధ్య

పాత టెలివిజన్ సెట్టుకు మరణం రెండు విడతలుగా సంభవిస్తుంది. చెడిపోయి అటక ఎక్కడం మొదటిది. అటక దిగి తూకానికి అమ్ముడుపోవడం రెండవది. మొదటి మరణం నుంచి దానిని లేపవచ్చు. రెండవదాని నుంచి లేపగలవారు లేరు. అయితే ఒక సెట్టు మొదటి మరణం నుంచి లేవాలంటే మరొక సెట్టు రెండవ మరణం పొందక తప్పదన్నదే ఇందులోని విచిత్రం.

ఢిల్లీలో ఈ రెండవ ఘట్టం ప్రధానంగా జరిగే చోటు యమునకు తూర్పున ఉన్న సీలంపూర్. దేశంలో ఎలక్ట్రానిక్ చెత్తను విడగొట్టే అతిపెద్ద కేంద్రాలలో అదొకటి. అక్కడ టీవీ విలువ అంటే అందులోని రాగి విలువే. పిక్చర్ ట్యూబు మెడకు తొడిగిన యోకులోనూ, ట్రాన్స్‌ఫార్మర్లలోనూ ఉన్న తీగ కోసం సుత్తి లేస్తుంది. పగిలిన గాజులో సీసం ఉంటుంది. దాని ధూళిని పీల్చేది ఆ కూలీలే. రాగికి కట్టే ధరలో ఆ సంగతి లెక్కకు రాదు.

అదే సెట్టు మెకానిక్కు చేతికి చిక్కితే ఒక చిన్న ధాన్యాగారం. ఎర్రకోట ఎదుట, చాందినీ చౌక్ మొదట్లో ఉన్న లాజ్‌పత్‌రాయ్ మార్కెట్టు ఇటువంటి సరుకుకు పెట్టింది పేరు. దేశ విభజన తరువాత కాందిశీకులకు కేటాయించిన దుకాణాలతో వెలసిన బజారు అది. 2022 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడ అనేక దుకాణాలు కాలిపోయాయి.

మన దేశంలో టెలివిజన్ పుట్టిల్లు ఢిల్లీయే. 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మక ప్రసారాలు ఇక్కడే ఆరంభమైనవి. 1982లో ఆసియా క్రీడల సంవత్సరాన రంగులు వచ్చాయి. వెస్టన్, టెలివిస్టా, క్రౌన్, టెక్స్‌లా పేర్లు ఆ తరం వారికి బంధువుల పేర్లంత పరిచితం. మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టీవీ కూడా ఆ వరుసలోనిదే. 1975-76లో ఉపగ్రహ ప్రసారాల ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు సెట్లు సమకూర్చిన సంస్థ అది.

ఇటువంటి సెట్టులో ముందుగా చెడేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోతుంది, బొమ్మ కుదించుకుపోతుంది. ఇవి నేటికీ కొత్తవి, కొద్ది రూపాయలకే దొరుకుతాయి. 1970ల నాటి సెట్లలో వాడిన పిఎల్504 వంటి వాల్వులు కూడా వెదికితే లభిస్తాయి. ట్రాన్సిస్టర్ల దగ్గరే మోసం మొదలవుతుంది. 1980ల సెట్లలో విరివిగా వాడిన బియు208కు నకిలీలు ఎక్కువ. పైన అదే లోహపు తొడుగు, అదే ముద్ర. లోపల మాత్రం గోరంత ఉండవలసిన సిలికాన్ ముక్క గింజంతే ఉంటుంది. సెట్టు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. అందుచేత అనుభవజ్ఞుడైన మెకానిక్కు కొత్త నకిలీకంటే పాత సెట్టు నుంచి ఊడదీసిన అసలు ముక్కనే నమ్ముతాడు.

తరువాతి గండం ఇ.హెచ్.టి. ట్రాన్స్‌ఫార్మర్. నలుపు తెలుపు సెట్టులో పన్నెండు వేల వోల్టులకు పైగా, రంగుల సెట్టులో ఇరవై అయిదు వేల వరకు పుట్టించే భాగమిది. ఒక కంపెనీది మరొకదానికి సాధారణంగా సరిపోదు. ఓపిక ఉన్నవారు దీనిని విప్పి తిరిగి చుడతారు. ఆ ఓపిక గలవారి తల నెరిసింది. నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు ముందుకు రాకపోవడంలో వింతేమీ లేదు, మొబైల్ ఫోన్ల మరమ్మతులో రాబడి ఎక్కువ.

ఇక పిక్చర్ ట్యూబు. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్, ఘాజియాబాద్‌లో సామ్‌టెల్ ఒకప్పుడు వీటిని తయారుచేశాయి. నేడు ఆ ఉత్పత్తి లేదు. ట్యూబు మసకబారితే ఫిలమెంటుకు 6.3 వోల్టులకు బదులు కాస్త హెచ్చు వోల్టేజి అందించే ‘బూస్టరు’ తగిలిస్తారు. ముసలివానికి టానిక్కు పట్టినట్లు కొంతకాలం వెలుగు తిరిగి వస్తుంది. ఆ తరువాత మరో సెట్టు ట్యూబే శరణ్యం. ఇలా బతికిన ప్రతి సెట్టూ మరొకదానిని మింగుతుంది కనుక, మరమ్మతు ఎంత బాగా సాగినా మొత్తం సంఖ్య తగ్గుతూనే ఉంటుంది.

అన్నీ కుదిరినా తెరపై కనబడేది చుక్కల వానే, ఎందుకంటే పాత యాంటెన్నా అందుకొనే దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలు దాదాపు అన్నీ నిలిచిపోయాయి. సెట్‌టాప్ బాక్సుకూ టీవీకీ నడుమ ఆర్.ఎఫ్. మాడ్యులేటర్ అనే చిన్న పెట్టె తగిలిస్తే బొమ్మ వస్తుంది. అదృష్టవశాత్తు అది మాత్రం కొత్తదే దొరుకుతుంది.

మీ అటకమీద ఇటువంటి సెట్టు ఉన్నదా? ఎన్నో ఏళ్ళుగా వాడనిదైతే నేరుగా ప్లగ్గు పెట్టకండి, ఎండిన కెపాసిటరు పేలవచ్చు. వెనుక మూత తీయకండి. స్విచ్చి ఆపినా ట్యూబులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. లోపల అంటించిన సర్క్యూట్ డయాగ్రమ్ ఉంటే దానిని చింపకండి. వదిలించుకోవాలనుకుంటే తూకం వానికంటే ముందు, మీ వీధిలోని ముసలి మెకానిక్కుకు ఒకసారి కబురు పంపండి.