కారు చౌడుకు జిప్సం ఎంత? – రసాయన చర్య చెప్పే లెక్క

వేరుశనగ పైరుకు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం తెలుగు రైతులకు సుపరిచితమైన పద్ధతి. అక్కడ జిప్సం కాయకు కావలసిన కాల్షియంను, గంధకాన్ని అందించే పోషకం. కారు చౌడు నేలలో అదే జిప్సం పని పూర్తిగా వేరు. మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉన్న సోడియంను తొలగించి, ఆ స్థానంలో కాల్షియంను నిలపడం దాని విధి. కాబట్టి మోతాదును అలవాటు నిర్ణయించరాదు. తొలగించవలసిన సోడియం పరిమాణమే నిర్ణయించాలి.

చర్యలోని నిష్పత్తి

కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు, సోడియం అయానుకు ఒకటి ఉంటాయి. అందువల్ల ఒక కాల్షియం అయాను రెండు సోడియం అయాన్లను తొలగించగలదు. రెండు నీటి అణువులతో కూడిన జిప్సం అణుభారం 172. సోడియం పరమాణు భారం 23. అంటే 46 కిలోల సోడియంను తొలగించడానికి 172 కిలోల శుద్ధ జిప్సం కావాలి. కిలో సోడియంకు సుమారు 3.74 కిలోల జిప్సం అన్నమాట. ఆమ్ల క్షారాలు స్థిర నిష్పత్తిలోనే కలుస్తాయని గమనించి, 1792లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు రిక్టర్ ఈ గణనకు స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టాడు. చౌడు సవరణకు ఆధారం ఆ సూత్రమే.

పొలానికి అన్వయం

హెక్టారు నేలలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న మట్టి బరువు, స్థూల సాంద్రత 1.33 అయినప్పుడు, దాదాపు 20 లక్షల కిలోలు. కిలో మట్టిలో ఒక సెంటీమోల్ సోడియంను తొలగించడానికి 0.86 గ్రాముల జిప్సం అవసరం. ఆ లెక్కన హెక్టారుకు 1.72 టన్నులు కావాలి.

ఉదాహరణకు ఒక నేల ధనాయాన మార్పిడి సామర్థ్యం కిలోకు 30 సెంటీమోల్‌లు, మార్పిడి సోడియం శాతం 25 అనుకుందాం. దీనిని 10 శాతానికి తగ్గించాలంటే 30లో 15 శాతం, అంటే కిలోకు 4.5 సెంటీమోల్‌ల సోడియం తొలగాలి. దీనికి హెక్టారుకు 7.74 టన్నుల శుద్ధ జిప్సం పడుతుంది. మార్కెట్లో దొరికిన జిప్సం శుద్ధత 80 శాతమే అయితే 9.7 టన్నులు, ఎకరాకు దాదాపు 3.9 టన్నులు కావాలి. ఇటువంటి నేలలో వేరుశనగకు వేసినట్లు 200 కిలోలు వేస్తే అవసరంలో ఇరవయ్యో వంతు మాత్రమే తీరుతుంది. రైతు ఖర్చు చేస్తాడు, నేల మాత్రం మారదు. తప్పు జిప్సంది కాదు, లెక్కది.

చర్య తరువాత మిగిలేది

చర్య జరిగినంత మాత్రాన సోడియం పొలం విడిచిపోదు. పై ఉదాహరణలో హెక్టారుకు సుమారు 6.4 టన్నుల సోడియం సల్ఫేట్ ఏర్పడుతుంది. ఇది నీటిలో సులభంగా కరిగే లవణం. దీనిని వేరు మండలం కిందికి దింపి, మురుగు కాలువల ద్వారా బయటికి పంపకపోతే కారు చౌడు స్థానంలో లవణ సమస్య తలెత్తుతుంది.

జిప్సం కరగడానికి కూడా నీరు కావాలి. లీటరు నీటిలో కరిగేది సుమారు 2.5 గ్రాములే. ఆ లెక్కన 7.74 టన్నులు కరగడానికి పొలమంతటా దాదాపు 31 సెంటీమీటర్ల ఎత్తు నీరు అవసరం. చౌడు నేలలో సోడియం కాల్షియంకు చోటు ఇస్తున్నకొద్దీ జిప్సం మరికొంత సులభంగా కరుగుతుంది గాని, నీటి అవసరం తప్పదు. అందుకే మడులను చదును చేసి, గట్లు వేసి, మెత్తగా పొడి చేసిన జిప్సంను పై మట్టిలో కలిపి, నీరు నిలగట్టి, ఆపై మురుగు తీయాలి.

సగం మోతాదు ఎలా సరిపోతుంది?

ప్రయోగశాలలో మట్టిని సంతృప్త జిప్సం ద్రావణంతో కలిపి, ఖర్చయిన కాల్షియంను కొలిచి జిప్సం అవసరాన్ని తేలుస్తారు. ఈ పద్ధతి కరిగే కార్బొనేట్లు వాడుకొనే కాల్షియంను కూడా లెక్కలోకి తెస్తుంది. ఇలా తేలిన అవసరంలో సగం వేసి వరి పండించవచ్చునని కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ సూచించింది. ఇది రసాయన నిష్పత్తికి విరుద్ధం కాదు. వరి సోడియంను కొంత తట్టుకుంటుంది. నీరు నిలిచిన మడిలో వేర్లు విడిచే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నపు పదార్థాన్ని కరిగించి మరికొంత కాల్షియంను సమకూరుస్తుంది. తక్కువైన భాగాన్ని క్రమంగా నేలే ఇస్తుంది. అందుచేత వరి తరువాత జీలుగ వంటి పచ్చిరొట్టను కలియదున్నడం, సాగును ఆపకుండా కొనసాగించడం కూడా సవరణలో భాగాలే.

మట్టి పరీక్ష ఫలితం, జిప్సం శుద్ధత, నీటి లభ్యత, మురుగు సౌకర్యం – ఈ నాలుగూ తెలిశాకే బస్తాల సంఖ్య నిర్ణయించాలి. లెక్కకు తగినంత జిప్సం ఒకేసారి కొనలేని రైతు, పొలమంతా పలుచగా చల్లడం కంటే ఒక మడికి పూర్తి మోతాదు వేసి దానిని బాగుచేసుకొని, మరుసటి ఏడు తరువాతి మడికి సాగడం మేలు.