ఫార్మాట్ కొట్టించే ముందు.. ఎక్కడ ఆగిందో చూడండి!

హాల్ టికెట్ల సీజన్లో మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా రష్షే. సరిగ్గా అప్పుడే పాత డెస్క్‌టాప్ మొరాయిస్తుంది. ‘విండోస్ పోయుంటుంది, ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే సలహా వెంటనే వచ్చేస్తుంది. కాస్త ఆగండి. ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే బాగయ్యేది సాఫ్ట్‌వేర్ మాత్రమే. విండోస్ దాకా రాకుండానే ఆగిపోయే సిస్టమ్‌కి దాంతో ఒరిగేదేమీ లేదు. పైగా డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో పెట్టుకున్న ఫొటోలు, సర్టిఫికెట్లు సాధారణంగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. బ్యాకప్ లేకపోతే అవి గోవిందా!

బటన్ నొక్కితే లైటే వెలగట్లేదా?
ముందు ప్లగ్గు, కేబుల్, సీపీయూ వెనకున్న స్విచ్ చూడండి. అన్నీ బాగుంటే అనుమానం ఎస్ఎంపీఎస్ మీదే. 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది అదే. ఆ డబ్బాని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉందా?
మానిటర్ కేబుల్ చూశాక ర్యామ్ సంగతి చూడాలి. ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుముని ఓసారి తాకి, ర్యామ్ తీసి, మెత్తటి పొడిగుడ్డతో బంగారు రంగు అంచు తుడిచి, టక్కుమనేదాకా నొక్కండి. రెండుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి.

ఆన్ చేసినప్పుడల్లా పాత తేదీ చూపిస్తోందా?
మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టే. చాలా బోర్డుల్లో అది సీఆర్ 2032, 3 వోల్టులది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు కూడా సరిగ్గా తెరుచుకోవు. అప్లికేషన్ ఆగిపోయిందని నెట్‌ని తిట్టుకుంటాం గానీ, తప్పు ఆ బిళ్లది.

కాసేపు పనిచేసి ఆరిపోతోందా?
పలకలకి పేరున్న మార్కాపురంలో రాతిపొడికి కొదవేముంది? దానికి మన ఎండలు తోడు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు. ప్లగ్గు తీసి, ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి బ్లోయర్ కొట్టండి.

లోగో వచ్చి గుండ్రంగా తిరుగుతూనే ఉందా?
విండోస్ పాడై ఉండొచ్చు, హార్డ్ డిస్క్ అయినా కావొచ్చు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడొస్తే మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. చేసే కొద్దీ డేటా దక్కే ఛాన్స్ తగ్గుతుంది. డిస్క్ తీయించి, వేరే సిస్టమ్‌కి తగిలించి ముందు డేటా కాపీ చేయించండి. ఎస్ఎస్‌డీ వేయించడమా, ఫార్మాటా అన్నది తర్వాత మాట.

ఇవేవీ మీ వల్ల కాకపోతే షాపుకే తీసుకెళ్లండి. ‘ఆన్ అవట్లేదు’ అని కాకుండా ‘ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు’ అని చెప్పండి. ‘డేటా కాపీ అయ్యాకే ఫార్మాట్’ అన్న మాట మాత్రం సీపీయూ కౌంటర్ మీద పెట్టేటప్పుడే చెప్పేయండి.