దొర్లుకుంటూ వచ్చే పీపా

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమన్నారు. మేము ఒక పీపా గురించి రాస్తున్నాం. నవ్వకండి.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా బస్టాండు వెనక సందులో ఒక టీవీ గేముల కొట్టు ఉండేది. కాస్మెటిక్ ఛార్జీల్లో సబ్బు, కొబ్బరినూనె కొనగా మిగిలిన చిల్లరంతా అక్కడికే పోయేది. అందులో ఒక ఆట. ఇనుప దూలాల పైన గొరిల్లా నిలబడి పీపాలు దొర్లిస్తుంది. కింద నుంచి టోపీ మనిషి నిచ్చెనలెక్కి, అది ఎత్తుకుపోయిన అమ్మాయి దగ్గరికి చేరాలి. మా మూడు ప్రాణాలూ చూస్తుండగానే పోయేవి. ఇంట్లో గేము ఉన్న టౌను పిల్లలు మాత్రం అవలీలగా పైకి వెళ్లేవాళ్లు. "మిషనుకి మనుషుల్ని చూస్తే తెలిసిపోతుందిరా" అని మాలో ఒకడు అన్నాడు. మేమంతా నమ్మాం.

ఆ ఆట పేరు డాంకీ కాంగ్. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1981లో తెచ్చింది. దాని పుట్టుకే ఒక నష్టంలోంచి వచ్చింది. అంతకు ముందు ఆ కంపెనీ రాడార్ స్కోప్ అనే ఆటను మిషన్లలో పెట్టి అమెరికాకు పంపింది. చాలా మిషన్లు అమ్ముడుపోక మిగిలిపోయాయి. వాటిలో వేరే ఆట పెట్టి అమ్ముదామని కంపెనీ ఆ పని షిగెరు మియామోటో అనే కుర్రవాడికి అప్పగించింది. ఆయన చదివింది డిజైను, ప్రోగ్రామింగు కాదు. గుంపెయి యొకోయి అనే సీనియరు పైన ఉండి చూసుకున్నారు. మొదట పొపాయ్ బొమ్మలతో చేద్దామనుకున్నారు కానీ అనుమతి కుదరలేదు. దాంతో గొరిల్లా, వడ్రంగి, అమ్మాయి పుట్టుకొచ్చారు. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు.

అసలు సంగతి ఇక్కడుంది. మొదట్లో ఆ మనిషికి దూకడం లేదు. నిచ్చెనల మీదుగా పీపాలను తప్పించుకోవడమే. మరి ఎదురుగా పీపా దొర్లుకుంటూ వస్తే మనిషన్నవాడు ఏం చేస్తాడు? ఎగిరి దాటుతాడు. అలా దూకే బటను వచ్చింది. మారియో ఆటలన్నిటికీ ప్రాణం ఆ దూకుడే. దానికి కారణం ఈ పీపా.

పీపా పని ఏమిటి? అది నాణెం వేసి ఆడే మిషను. ఆట తొందరగా ముగిస్తేనే ఇంకో నాణెం పడుతుంది. కానీ అన్యాయంగా చంపితే ఆడేవాడు లేచి వెళ్లిపోతాడు. అందుకే పీపా దూరం నుంచే కనబడుతుంది, ఒకే వేగంతో వస్తుంది. ప్రాణం పోతే తప్పు మనదే అనిపిస్తుంది, జేబులోకి చెయ్యి పోతుంది. మా చిల్లర ఎలా కరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొక విషయం. నిచ్చెన దగ్గరికి వచ్చిన పీపా కిందికి దిగుతుందా, ముందుకు పోతుందా అన్నది ఆ నాణేల మిషనులో పూర్తిగా గుడ్డి లెక్క కాదు. మనం దాని అంతస్తులోనే ఉన్నా, దాని కంటే పైకి పోయినా ఇక అది నిచ్చెన దిగదు. పైన ఉన్న పీపా అయితే మనం ఏ పక్కన ఉన్నాం, చేతిలో కర్రను ఎటు తిప్పాం అన్నది కూడా చూస్తుంది. ఇది పట్టేసినవాళ్లు పీపాలను తమకు కావలసిన చోట దింపేస్తారు. టౌను పిల్లలకు మిషను చుట్టం కాదు. వాళ్లు ఎక్కువసార్లు ఆడారు, అంతే. (మా కొట్టులోది ఇంటి టీవీకి చేసిన రకం. అసలు ఆటలోని నాలుగు దశల్లో ఒకటి అందులో లేదు.)

మిషనుకి అంత తెలివి లేదనడానికి ఇంకో రుజువు 22వ లెవెల్. ప్రతి లెవెల్‌కూ సమయం లెక్కగట్టడానికి లెవెల్ సంఖ్యను 10తో గుణించి 40 కలుపుతుంది. 80 దాటితే 80 దగ్గర ఆపుతుంది. 22వ లెవెల్‌కు 260 రావాలి. కానీ దాని గడిలో 255 కంటే పెద్ద సంఖ్య పట్టదు. 256 జారిపోయి 4 మిగులుతుంది. 80 దాటలేదు కదా అని అదే ఉంచేస్తుంది. సమయం కొన్ని సెకన్లే. మామూలుగా ఆడేవాడు పైకి చేరేలోపే చచ్చిపోతాడు, పీపా తగలకుండానే.

ఎం.సి.ఎ. మొదటి సెమిస్టరు ల్యాబులో మా ప్రోగ్రాము సరిగ్గా ఇలాగే తప్పు జవాబిచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఈ చదువు మా వల్ల కాదేమో అని ఆ రాత్రి ట్రంకుపెట్టె సర్దుకున్నాం కూడా. మర్నాడు సీనియరు ఒకాయన ఈ 260 కథ చెప్పి, మా ప్రోగ్రాములో గడి మార్చమన్నాడు. ఒక్క పదం మార్చాం, జవాబు వచ్చింది.

1994లో వచ్చిన డాంకీ కాంగ్ కంట్రీలో గొరిల్లాయే హీరో. పీపాలు అతని ఆయుధాలు, పీపా ఫిరంగిలోంచి అతన్నే పేలుస్తారు. మాకు మాత్రం పాతదే ఇష్టం. ఈ మధ్య గదిలో కంప్యూటరు మీద మళ్లీ ఆడాం. ఇంత తెలిసీ, రెండో పీపాకే పోయాం.