కోతిజ్వరమునకు తాలుగింజ వంటి టీకా

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రములోని షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవియందు కోతులును కొండముచ్చులును విరివిగా చచ్చిపడినవి. అడవి చెంతనున్న గ్రామస్థులకును తీవ్రమైన జ్వరము, భరింపరాని తలనొప్పి, కండరముల పోటు, కొందరికి రక్తస్రావము కలిగెను. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఈ రోగమునకు హేతువైన వైరస్‌ను వేరుచేసిరి. అది పిడుదుల కాటువలన, అనగా మన పల్లెలలో కొందరు గోమారులని పిలుచు పురుగుల వలన, సోకునని తేలినది. శాస్త్రములో అడవి పేరే రోగమునకు పేరైనది. జనులు మాత్రము దానిని కోతిజ్వరమనిరి.

నిజమునకు కోతి ఇందు దోషి కాదు. మనవలెనే అదియు బలియగుచున్నది. కోతి చచ్చినపుడు దాని మేనినున్న పిడుదులు రాలి, మరియొక ప్రాణిని వెదకుకొనును. ఆ దారిని వంటచెరకు కొరకో, ఎండుటాకుల కొరకో, పశువులను తోలుకొనియో పోవు పేదవాడు వాటికి చిక్కును. రోగము ముఖ్యముగా డిసెంబరు మొదలు మే వరకు ప్రబలును. రోగము సోకినవారిలో నూటికి ముగ్గురు మొదలు అయిదుగురు వరకు మరణింతురు. వైరస్‌ను చంపు ప్రత్యేకౌషధము లేదు. 2012 తరువాత ఈ జ్వరము బందిపూరు, నీలగిరులు, వయనాడు, గోవా, మహారాష్ట్ర ప్రాంతములందును కనబడినది. కనుక ఇది ఒక్క జిల్లా వ్యథ కాదు.

దీనికి టీకా లేకపోలేదు. కోడిపిల్ల పిండకణములందు వైరస్‌ను పెంచి, ఫార్మలిన్‌తో చంపి చేసిన టీకాను 1990 నుండి కర్ణాటకమున వాడిరి. నెల వ్యవధిలో రెండు మోతాదులు, కొన్ని నెలలకు మరియొకటి, ఆ పిమ్మట ఏటేట ఇంకొకటి వేయవలసి యుండెను. 2005 - 2010 నడుమ జరిగిన పరిశీలనలో రెండు మోతాదులు నూటికి 62 పాళ్లు, తరువాతి మోతాదు కూడ పడినచో 83 పాళ్లు రక్షణ నిచ్చినట్లు తేలినది. నొప్పికి వెరచి, కూలి పోవునని తలచి, పలువురు తరువాతి సూదులకు రాకుండిరి. టీకా పటిమ తగ్గుటచే 2022లో దాని వాడుక నిలిచినది.

అట్లయిన నూతన మార్గమేది? మన రైతులకు తాలుగింజ తెలియును. చూపునకు వడ్లగింజయే, లోపల బియ్యము లేదు గనుక నాటినను మొలకెత్తదు. వైరస్‌నకును ఇట్టి తాలుగింజను తయారు చేయవచ్చును. వైరస్‌నకు పైన మాంసకృత్తుల పొట్టు, లోపల సంతానవృద్ధికి కావలసిన జన్యుపదార్థము ఉండును. మన దేహరక్షక కణములు ముఖ్యముగా గుర్తుపట్టునది పైపొట్టును. కనుక పొట్టునకు సంబంధించిన జన్యువులను మాత్రము ఈస్టు వంటి నిరపాయజీవుల కణములలో చేర్చినచో, అవి పొట్టును తయారు చేయును. ఆ మాంసకృత్తులు తమంతట తామే కూడుకొని వైరస్‌ను పోలిన కణికలగును. వాటికి మొలకెత్తు శక్తి లేదు. దేహమునకు శత్రువు రూపమును నేర్పు శక్తి మాత్రము కలదు.

ఇది వట్టి ఊహ కాదు. హెపటైటిస్-బి టీకా ఈ పద్ధతినే తయారగుచున్నది. అమెరికాలో 1986లో అట్టి టీకాకు అనుమతి లభించెను. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ స్వదేశమున దానిని తయారుచేసి, సామాన్యునకు అందు ధరకు తెచ్చినది.

కోతిజ్వరపు వైరస్‌నకు ఐరోపాలో పిడుదుల వలన వచ్చు మెదడువాపు వైరస్ దగ్గరి చుట్టము. 1990 దశకమున వియన్నా శాస్త్రజ్ఞులు ఆ వైరస్ పైపొట్టునకు చెందిన రెండు మాంసకృత్తుల జన్యువులనే కణములలో ప్రవేశపెట్టగా, శూన్యకణికలు వెలువడినవి. అసలు వైరస్ వెడల్పు మిల్లీమీటరులో పది లక్షల వంతులు చేసి 50 వంతులు తీసికొన్నంత; ఈ కణికలది 30 వంతులే. వైరస్ మీద ప్రధానమాంసకృత్తు అణువులు 180 కాగా, వీటిమీద 60. అయినను ఎలుకలలో అవి రక్షణ కలిగించినవి. ప్రమాదకరమైన వైరస్‌ను రాశులుగా పెంచు పని తప్పుట ఇందలి పెద్ద లాభము.

చిక్కులును కలవు. కణికలు తగినంత రాశిలో దొరకవలెను. శుద్ధి చేయునపుడును, నిలువ చేయునపుడును రూపము చెడరాదు. రక్షణ చిరకాలము నిలుచుటకు తగిన సహాయద్రవ్యమును చేర్చవలెను. రోగులు కొద్దిమందియై పలు అడవులలో చెదరియుండుటచే, మనుష్యులలో గుణమును నిరూపించుట మిక్కిలి కష్టము. మారుమూల పల్లెకు ఏటేట పోనక్కరలేక, ఒకటి రెండు మోతాదులతో నిలుచు రక్షణ లభించిననాడే శ్రమ ఫలించినట్లు.

అంతవరకు మన జాగ్రత్తయే మనకు టీకా. అడవికి పోవునపుడు మేనినిండ బట్ట ధరింపవలెను. పిడుదులను తరుము తైలమును పూసికొనవలెను. ఇంటికి రాగానే వేడినీటితో స్నానము చేసి, బట్టలను ఉడికింపవలెను. చచ్చిన కోతి కనబడిన తాకక, ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను. ఆ కబురు సకాలమున అందినచో, ఊరివారిని ముందుగా హెచ్చరించుటకు వీలగును.