తెడ్డు పట్టిన విద్యార్థినులు

కిందటి సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమునందు ఒక తండ్రిగారు లేచి, "మాస్టారూ, మా అమ్మాయి కబడ్డీలో రెండవ జట్టులోనే యున్నది గదా. సాయంకాలము వేళ ఊరక నిలువబెట్టుట యెందుకు? మొదటి జట్టులోనికి వచ్చిననాడు చూచుకొందము, అంతవరకు ఇంటికి పంపివేయుడు" అని అడిగిరి. సభలో పలువురు తలలూపిరి. నాకు ఆనాడు తగిన సమాధానము తోచలేదు. ఆటలవలన ఆరోగ్యము కలుగునని ఏదో చెప్పి కూర్చుంటిని. సమాధానము తరువాత దొరకినది. దొరకిన చోటు మన ఊరు గాదు, ఆ ఆటయు మనది గాదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయపు విద్యార్థినులకు పడవ పందెములు నేర్పిన కెవిన్ సౌయర్ అను ప్రధాన శిక్షకుని పనిని గూర్చి చదివినప్పుడు అది నాకు తట్టినది. తల్లిదండ్రులు కొంచెము ఓపికతో చదువగలరని ఆ సంగతి ఇచట వ్రాయుచున్నాను.

ముందు ఆ పడవ ఎట్టిదో చెప్పవలెను. గౌతమీ తీరమున పెరిగినవారికి తెడ్డు కొత్త గాదు గాని, ఈ పడవ మన పడవ వంటిది గాదు. పొడవు సుమారు 18 మీటర్లు. వెడల్పు ఒక మనిషి కూర్చుండుటకు చాలునంత మాత్రమే. బరువు నూరు కిలోలకు అటునిటు. అందు ఎనిమిదిమంది ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. ఒక్కొక్కరికి ఒక్కటే తెడ్డు. ఒకరిది కుడిప్రక్కకైన, తరువాతివారిది ఎడమప్రక్కకు. కూర్చుండు పీటలకు చిన్న చక్రములుండుటచే, కాళ్లతో తన్ని వెనుకకు జరుగుచు తెడ్డును లాగుదురు. చూచువారికి అది చేతుల పనిగా దోచును గాని, నిజమునకు బలములో అధిక భాగము కాళ్లది. ఎనిమిదిమంది వీపులును పడవ పోవు దిక్కునకే యుండును. ఎదుట నేమున్నదో చూడగలిగినది తొమ్మిదవ మనిషి మాత్రమే. ఆమె తెడ్డు వేయదు. చుక్కాని త్రిప్పుచు, ఎప్పుడు వేగము హెచ్చింపవలెనో కేకవేసి చెప్పుచుండును. మన రేవులలోని మాట వాడినచో ఆమెను సరంగు అనవచ్చును. పందెపు దూరము 2,000 మీటర్లు; మంచి జట్టునకు అది ఇంచుమించు ఆరున్నర నిమిషముల పని. అంతలో ఒక్క తెడ్డు ఇతరములకంటె ముందుగా గాని, ఆలస్యముగా గాని నీటబడినచో పడవ ఒరుగును, వేగము తగ్గును.

ఈ క్రీడ చిరకాలము పురుషులదిగానే యుండెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల పడవ పందెములు 1976 లో మాంట్రియల్ నగరమున గాని మొదలు కాలేదు. అప్పుడైనను స్త్రీలకు 1,000 మీటర్లు, పురుషులకు 2,000 మీటర్లు. స్త్రీలకు ఊపిరి చాలదని పెద్దల భయము గాబోలు! 1988 లో సియోల్ నగరమున జరిగిన క్రీడలలో గాని దూరములు సమానము కాలేదు.

అమెరికా కళాశాలలలో మార్పు తెచ్చినది ఒక చట్టము. ప్రభుత్వ ధనము పొందు ఏ విద్యాసంస్థయందును స్త్రీ పురుష భేదము పాటింపరాదని 1972 లో ఆ దేశపు శాసనసభ విధించెను. దానిని 'తొమ్మిదవ ప్రకరణము' అందురు. కాని కాగితముమీది చట్టము నీటి ఒడ్డునకు వచ్చుటకు కాలము పట్టును. 1976 మార్చి 3వ తేదీన యేల్ విశ్వవిద్యాలయమున జరిగిన సంగతి ఇందుకు నిదర్శనము. అచటి పడవల ఇంటిలో పురుషులకు స్నానపు గదులుండెను, స్త్రీలకు లేవు. చలికాలపు నీటిలో తడిసిన విద్యార్థినులు, పురుషుల స్నానములు ముగియువరకు ఆ తడి బట్టలతోనే బస్సులో కూర్చుండి వేచియుండవలసి వచ్చెడిది. విన్నపములకు ఫలము లేకపోయెను. అప్పుడు వారిలో 19 మంది క్రీడాధికారిణి కార్యాలయములోనికి పోయి, పైవస్త్రములు తొలగించి, తమ వీపులపై వ్రాసికొని వచ్చిన ఆ చట్టము పేరును చూపి, ఒక విన్నపమును చదివి వినిపించిరి. వారి నాయకురాలు క్రిస్ ఎర్న్‌స్ట్. ఆ పద్ధతి మన సంప్రదాయమునకు సరిపడదు. నేనును దానిని మెచ్చుకొనుటకు కొంత సంకోచించుచున్నాను. కాని వార్త పత్రికల కెక్కినది, తరువాత గదులును వచ్చినవి.

ఇంకొక సంగతి దాచరాదు. అమెరికా విశ్వవిద్యాలయములు స్త్రీల పడవ జట్లను పెట్టుటకు కారణము క్రీడాభిమాన మొక్కటే గాదు. అచట ఫుట్‌బాల్ అను పురుషుల ఆటకు ఒక్కొక్క జట్టున నూరుమందికి పైగా ఉందురు. స్త్రీల పక్షమున ఆ లెక్కకు సరితూగవలెనన్న ఎక్కువమంది పట్టు ఆట కావలెను. పడవ పందెము అందుకు చక్కగా నమరినది. కొన్ని కళాశాలలు స్త్రీల జట్ల పట్టికలలో ఉత్త పేర్లు చేర్చి లెక్క చూపుచున్నవని 2011 లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టెను. హాజరు పట్టికయందు పేరుండి బల్లమీద మనిషి లేకపోవుట ఎట్టిదో పాఠశాలలు నడపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఒక విశ్వవిద్యాలయమున స్త్రీల పడవ జట్టు ఉన్నదన్నంత మాత్రమున సంతోషింపరాదు. ఆ పేర్లను మనుష్యులుగా ఎంచి నేర్పువాడొకడు ఉన్నాడా యని చూడవలెను.

వర్జీనియా విశ్వవిద్యాలయము 1819 లో స్థాపింపబడినది. పురుషులతో సమానముగా విద్యార్థినులను కళాశాలలో చేర్చుకొనుట 1970 లో గాని మొదలు కాలేదు. సౌయర్ పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుకొని, అచటనే తెడ్డు పట్టినవాడు. 1988 లో అతడు వర్జీనియాకు వచ్చునప్పటికి అచటి పడవ పందెము విశ్వవిద్యాలయపు అధికార క్రీడ గాదు. విద్యార్థులు తాము కూడి నడుపుకొను సంఘము మాత్రమే. అట్టి సంఘములలో ఖర్చులకు చందాలు వేసికొనుట, పడవలను తామే మోసికొనుట, బాగు చేసికొనుట అన్నియు విద్యార్థుల పనియే. వారు అభ్యాసము చేయు నీరు రివానా నదికి అడ్డుకట్ట వేసి షార్లట్స్‌విల్ పట్టణపు త్రాగునీటి కొరకు నిర్మించిన జలాశయము. అందులో ఏడేండ్లు పనిచేసిన పిదప, 1995 లో విశ్వవిద్యాలయము స్త్రీల పడవ పందెమును అధికార క్రీడగా స్వీకరించి, సౌయర్‌ను దానికి మొదటి ప్రధాన శిక్షకునిగా నియమించెను. పురుషుల పడవలు మాత్రము సంఘముగానే మిగిలినవి. ఆ బాలురకు అది న్యాయమా యని అడుగువారు ఉండవచ్చును. అది వేరొక చర్చ.

ఇక జట్టు నెట్లు కూర్చవలెను? అచటి ఉన్నత పాఠశాలలలో పడవలున్నవి బహు కొద్ది. కావున శిక్షకులు చదువు మొదలైన దినములలో విద్యార్థినులు తిరుగు దారులలో నిలిచి, పొడగరులను, ఇతర ఆటలాడి మానినవారిని పిలిచి, "ఒకసారి వచ్చి చూడుము" అని అడుగుదురు. తెడ్డు ఎన్నడును ముట్టనివారు ఆ విధముగా చేరుదురు. మొదటి వారములలో చాలమంది మానివేయుదురు. ఉదయము చీకటి ఉండగనే లేచి చల్లని నీటికి పోవలెను, అరచేతులు బొబ్బలెక్కును, నీరు గడ్డకట్టిన దినములలో గదిలోని యంత్రముపై అదే లాగుడు గంటల తరబడి సాగింపవలెను. మిగిలినవారితోనే జట్టు.

అట్లు మిగిలినవారిలో ఒకరి పేరు చెప్పెదను. లిండ్సే షూప్ ఆ షార్లట్స్‌విల్ పట్టణపు పిల్లయే. విశ్వవిద్యాలయమున చదువుచుండగా గాని ఆమె తెడ్డు పట్టలేదు. 2006, 2007 సంవత్సరములలో ప్రపంచ పందెములందును, 2008 లో బీజింగు ఒలింపిక్ క్రీడలందును గెలిచిన అమెరికా ఎనిమండుగురి పడవలో ఆమె యుండెను. 2021 లో టోక్యోలో కెనడా దేశమునకు ఎనిమండుగురి పందెమున స్వర్ణము తెచ్చిన జట్టులోని క్రిస్టీన్ రోపర్ కూడ వర్జీనియాలో చదివినదే; ఆమె జమైకాలో పుట్టినది.

ఎవరు ఏ పడవలో కూర్చుండవలెనను తీర్పు ఈ క్రీడయందు విచిత్రముగ జరుగును. నలుగురేసి గల రెండు పడవలను ప్రక్కప్రక్కల పోనిచ్చి ఎంత దూరము తేడా వచ్చెనో చూతురు. పిదప ఒక పడవనుండి ఒకతెను, రెండవ పడవనుండి ఒకతెను స్థానములు మార్చి మరల పోనిత్తురు. మొదట ఒక పడవ రెండు గజములు ముందుండి, మార్పు తరువాత అదియే రెండు గజములు వెనుకబడినచో, ఆ మార్పులోని ఇద్దరిలో ఎవరు పడవను ఎక్కువ నడిపించుచున్నారో తెలియును. బలమును కొలుచు యంత్రముపై అందరికంటె వెనుకనున్న పిల్ల ఒక్కొక్కప్పుడు ఇచట ముందుకు వచ్చును. ఆమె కూర్చున్న పడవ ఎందుకో చక్కగ సాగును. మన పరీక్షల మార్కులకు కూడ ఇట్టి రెండవ తూకము ఒకటి యుండిన బాగుండునని నాకు తోచును.

తండ్రిగారి ప్రశ్నకు జవాబు దీని తరువాతి మెట్టులో నున్నది. జాతీయ కళాశాలల క్రీడా సంఘము స్త్రీల పడవ పందెములకు 1997 లో జాతీయ పోటీ నేర్పరచినప్పుడు, గెలుపును ఒక్క పడవకు కట్టలేదు. ప్రతి విశ్వవిద్యాలయము మూడు పడవలు దింపవలెను: ఎనిమండుగురి మొదటి పడవ, ఎనిమండుగురి రెండవ పడవ, నలుగురి పడవ. సరంగులతో కలిపి 23 మంది. మూడింటి ఫలితములు కూడి జట్టు గెలుపు. లెక్క ఇంచుమించు మొదటి పడవకు మూడు పాళ్లు, రెండవదానికి రెండు, నలుగురి పడవకు ఒకటి. అనగా మొత్తములో సగము మొదటి పడవలో లేనివారి చేతులలో నున్నది.

2010 లో కాలిఫోర్నియాయందలి నటోమా సరస్సుపై ఏమి జరిగినదో చూడుడు. మొదటి పడవల పందెమును యేల్ గెలిచినది. అయినను జాతీయ విజేతగా నిలిచినది వర్జీనియా. అది వారికి మొదటి జాతీయ విజయము. 2012 లో మరల గెలిచిరి. తమ ప్రాంతపు అట్లాంటిక్ తీర విశ్వవిద్యాలయముల పోటీలో, అది మొదలైన 2000 నుండి 2009 వరకు ఒక్క 2009 లో తప్ప ప్రతి యేడును వారిదే గెలుపు.

సౌయర్ వచ్చిన 22 ఏండ్లకు, అధికార జట్టు ఏర్పడిన 15 ఏండ్లకు ఆ మొదటి జాతీయ విజయము వచ్చినది. అచట చదువు నాలుగేండ్లు. 1996 లో చేరిన పిల్ల 2000 లో, 2002 లో చేరిన పిల్ల 2006 లో పట్టము పుచ్చుకొని వెళ్లిపోయినది. ఎన్ని తరములు ఆ బహుమతిని చూడకుండ పోయినవో లెక్కింపుడు. ఐనను వారిని ఆ శిక్షకుడు దండుగ యనుకొన్నట్లైన మరుసటి యేడు కొత్తపిల్లలకు నేర్పుటకు పాతవారెవరు మిగిలి యుందురు? రెండవ పడవలోని పిల్ల ప్రతి ఉదయము మొదటి పడవ ప్రక్కన పోయి దానిని తరుముచుండును. ఆమె మానినచో మొదటి పడవకు పోటీ లేదు, వేగమును లేదు. మరుసటి యేటి మొదటి పడవయు లేదు.

సౌయర్ 2023 లో ఆ పదవినుండి విరమించెను. వెస్లీ ఇంగ్ అనువారు ఆ స్థానమునకు వచ్చిరి.

ఆ తండ్రిగారు ఈ సంచికను చదువుదురని తలంచుచున్నాను. వారి అమ్మాయి నేటికిని రెండవ జట్టులోనే యున్నది. పట్టు విడువదు, కాని పరుగు ఇంకను చాలదు. ఈ యేడు రెండవ జట్టు అభ్యాసమును మొదటి జట్టుతో కలిపి, మంగళ శుక్రవారములందు సాయంకాలము నాలుగున్నర మొదలు ఐదున్నర వరకు జరుపుచున్నాము. దూరమునుండి వచ్చు బాలికలతో ఒక ఉపాధ్యాయురాలు బస్సు నిలుచు చోటు వరకు పోవును. ఇంటిపనికి ఆలస్యమగునని తలచు తల్లులు నాతో ముందుగా చెప్పినచో, ఆ దినములందు వ్రాతపని తగ్గించి యిచ్చెదము.